కొవ్వు కణాల్లో మాత్రమే జీన్ తీసేయాలి: ఏపీ2-క్రీ చాలా, అడిపోక్యూ-క్రీయే కావాలా?

సందేహాల_సంచి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక జీన్‌కి ఫ్లాక్స్ ఎలుకలు చేతిలో ఉన్నాయి, అంటే రెండో ఎక్సాన్‌కి (జీన్‌లో ఒక ముక్క) అటూ ఇటూ లాక్స్‌పీ గుర్తులు, క్రీ ఎంజైమ్ ఉన్న కణంలో ఆ మధ్య ముక్క తెగిపోతుంది. ఒంట్లో అంతటా తీసేస్తే పిల్లలు తల్లి కడుపులోనే పోతున్నాయి. అందుకని కొవ్వులో మాత్రమే తీసి, హై ఫ్యాట్ డైట్ మీద బరువు, షుగర్ చూడాలని ప్లాన్. పక్క ల్యాబ్ వాళ్లు ఏపీ2-క్రీ ఎలుకలు (ఏపీ2 జీన్ నడిచే చోట క్రీ తయారయ్యేవి) ఊరికే ఇస్తామంటున్నారు. అడిపోక్యూ-క్రీ తెప్పించాలంటే నెలలు పడుతుంది.

ఏపీ2తో కానిచ్చేయొచ్చా? కంట్రోల్‌గా ఏవి పెట్టాలి? ఎన్ని జతలు కట్టించాలి? హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవాళ్లు చెబితే మేలు.

ఉప్పల్_రోడ్ | సోమవారం, రాత్రి 10:05

ఊరికే వస్తుందని తీస్కోకు తమ్మీ.

ఏపీ2 అంటే ఫ్యాబ్4. దాని 5.4 కిలోబేస్ ప్రమోటర్ (జీన్‌ను ఆన్ చేసే) ముక్కతోని కట్టి ఎలుకల చొప్పించిన ట్రాన్స్‌జీన్ అది. కొవ్వు కణంల ఉంటది, నిజమే. గానీ మాక్రోఫేజ్‌లల్ల (రోగనిరోధక కణాలల్ల) ఉంటది, రక్తనాళాల లోపలి పొరల ఉంటది, గుండెల, మెదడుల గూడ కోత గుర్తులు దొరికినయి. పిండం దశలనే మొదలైతది. పైంగ అసలు కొవ్వు కణాలల్లనే పూర్తిగ కోయదు. కోయొద్దన్న కాడ కోస్తది, కోయమన్న కాడ సగం ఇడిచిపెడ్తది. ఆ పేరుతోని వేరే వేరే ల్యాబ్‌లు చేసిన లైన్లు గూడ ఉన్నయి, అన్నీ ఒక్క తీరుగ లీక్ కావు. పక్క ల్యాబోళ్లది ఏ లైనో వాళ్లకే తెలుసో లేదో అడుగు.

ఎందుకింత గట్టిగ చెప్తున్ననంటే, ఇన్సులిన్ రిసెప్టర్ సంగతి చూడు. ఏపీ2-క్రీతోని ఆ రిసెప్టర్ తీసేసిన ఎలుకలు 2002ల వచ్చినయి, ఫిర్కో అంటరు. బక్కగుంటయి, షుగర్ మంచిగుంటది. 2003ల వాటి సగటు ఆయుష్షు 18 శాతం పెరిగిందని వచ్చింది. కొవ్వుల ఇన్సులిన్ సిగ్నల్ తగ్గితే మంచిదే అనుకున్నరు లోకమంతా. 2016ల అదే రిసెప్టర్‌ను అడిపోక్యూ-క్రీతోని తీసిన్రు. కొవ్వు కరిగిపోయి లైపోడిస్ట్రఫీ, బాగా షుగర్, కాలేయం నిండ కొవ్వు. జీన్ ఒకటే, పేపర్ల రాసే కణం పేరు ఒకటే, జవాబులు ఉల్టా. కోత ఎంత పూర్తిగ అయింది, ఎక్కడెక్కడ అయింది అన్న కాడనే తేడా వచ్చింది.

ఇప్పుడు నీ జీన్‌కు ఏపీ2తోని ఏదన్న కనపడ్డదనుకో, అది కొవ్వుదా, మాక్రోఫేజ్‌దా? లావైన ఎలుక కొవ్వుల మాక్రోఫేజ్‌లు కుప్పలుగ చేరతయి. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న గదే. ఆ నెలలు ముందు పెడ్తవా, తర్వాత పెడ్తవా అన్నదే.

సందేహాల_సంచి | సోమవారం, రాత్రి 10:18

అన్నా, తమ్మి కాదు, చెల్లిని. సరే, ఏపీ2 వద్దు. మరి అడిపోక్యూ-క్రీ పూర్తిగా నమ్మొచ్చా?

గజ్జల_కొవ్వు | సోమవారం, రాత్రి 11:02

చాలావరకు నమ్మొచ్చు, మూడు విషయాలు గుర్తుంటే.

అడిపోక్యూ అంటే అడిపోనెక్టిన్ జీన్, అది ముదిరిన కొవ్వు కణంలోనే వస్తుంది. కాబట్టి మీ జీన్ కొవ్వు కణం పుట్టుకకే అవసరమైతే, ఈ క్రీ ఆ సంగతి చెప్పదు. కణం తయారయ్యాక కోస్తుంది. పుట్టుక గురించి అడగాలంటే ముందు దశ కణాలను పట్టే పీడీజీఎఫ్‌ఆర్-ఆల్ఫా క్రీ లాంటిది కావాలి. అది కొవ్వుకే పరిమితం కాదు, దాని తలనొప్పులు దానికున్నాయి. పీఆర్ఆర్ఎక్స్1-క్రీ గజ్జల కొవ్వు ముందుకణాలను పడుతుంది, వృషణాల దగ్గర కొవ్వును పట్టదు. రెండు చోట్ల కొవ్వు ఒకటి కాదని చూపించడానికి పనికొస్తుంది. కానీ దాన్ని తండ్రి వైపు నుంచే తేవాలి. తల్లిలో అది అండంలోనే కోసేస్తుంది.

రెండోది, అడిపోక్యూ-క్రీ తెల్ల కొవ్వు, గోధుమ రంగు కొవ్వు (వేడి పుట్టించే బ్రౌన్ ఫ్యాట్) రెండింట్లోనూ కోస్తుంది. ఎలుక సన్నబడితే అది ఏ కొవ్వు చలవో ఈ ఒక్క లైన్‌తో తేలదు. గోధుమ కొవ్వుకి యూసీపీ1-క్రీ (ఆ కొవ్వులో వేడి పుట్టించే ప్రోటీన్ జీన్‌తో నడిచేది) వాడతారు. అందరూ వాడే ఆ లైన్‌లో ట్రాన్స్‌జీన్ ఒకటో క్రోమోజోమ్‌లో దూరింది, దాంతోపాటు యూసీపీ1 అదనపు కాపీ కూడా మోసుకొచ్చింది. రెండు కాపీల క్రీ ఉన్న పిల్లలు చాలా చచ్చిపోతాయి, పుర్రె ఎముకలు తేడాగా ఉంటాయి. ఒక్క కాపీ ఉన్నవాటిలోనూ గోధుమ కొవ్వు మామూలుగా ఉండదు. దాంతో పనిచేస్తే క్రీ మాత్రమే ఉన్న కంట్రోల్ లేకుండా ఒక్క అడుగు వేయొద్దు.

మూడోది చాలామంది మర్చిపోయేది: ఎముక మజ్జ. మజ్జలో కొవ్వు నింపుకోని, కానీ ఆ వంశానికి చెందిన ముందుకణాలు ఉంటాయి. అడిపోక్యూ-క్రీ వాటినీ కోస్తుంది. ఎముక మందంలోనో రక్తకణాల లెక్కలోనో తేడా వస్తే కొవ్వు నుంచి ఏదో హార్మోన్ వెళ్లిందని కథ అల్లకముందు దీన్ని చూడండి.

మూడో_ప్రైమర్ | మంగళవారం, ఉదయం 7:30

క్రీ గురించి అందరూ చెబుతారు, ఫ్లాక్స్ గురించి ఎవరూ అడగరు. ఆ ఎలుక ఎక్కడిది? నాకౌట్ ఎలుకలు చేసే అంతర్జాతీయ కన్సార్టియం లైన్ అయితే టీఎమ్1ఏ నా, టీఎమ్1సీ నా చూసుకోండి. టీఎమ్1ఏలో ల్యాక్‌జెడ్, నియో అనే గుర్తు జీన్ల క్యాసెట్ ఇంకా లోపలే ఉంటుంది. క్రీ తగలకముందే జీన్ దెబ్బతిని ఉంటుంది. ఫ్లిప్ ఎంజైమ్ ఉన్న ఎలుకతో దాటించి క్యాసెట్ తీసేశాకే అది అసలైన ఫ్లాక్స్. నియోకి ఒక పీసీఆర్ పెడితే గంటన్నరలో తేలిపోతుంది.

రెండో ఎక్సాన్ పొడవు మూడుతో భాగించబడితే గొడవ. ఆ ఎక్సాన్ పోయినా మిగతా జీన్ చదివే ఫ్రేమ్ చెడదు, కాస్త పొట్టిదైన ప్రోటీన్ తయారై సగం పని చేసుకుపోతుంది. జీన్ నుంచి వచ్చే అన్ని ట్రాన్స్‌క్రిప్టుల్లోనూ (ఆర్‌ఎన్‌ఏ రూపాల్లో) ఆ ఎక్సాన్ ఉందో లేదో కూడా చూడండి.

జీనోటైపింగ్ (ఏ పిల్లకు ఏ జీన్ వచ్చిందో చూడటం): 2 మి.మీ. చెవి ముక్క, 75 మైక్రోలీటర్ల క్షారం (25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 0.2 మిల్లీమోలార్ ఈడీటీఏ), 95 డిగ్రీల్లో 30 నిమిషాలు. చల్లారాక 40 మిల్లీమోలార్ ట్రిస్ ఆమ్లం మరో 75 మైక్రోలీటర్లు. 20 మైక్రోలీటర్ల పీసీఆర్‌లో దీంట్లోంచి 1 మైక్రోలీటర్ చాలు. బ్యాండ్ రాలేదని 4 పోస్తే ఇంకా రాదు, ఆ మురికే రియాక్షన్‌ని చంపుతుంది.

ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రెండు కాదు, మూడు పెట్టండి. మొదటి లాక్స్‌పీకి ముందు ఒకటి, దానికి కాస్త తర్వాత రెండోది, చివరి లాక్స్‌పీ దాటాక మూడోది. ఒకటి-రెండు మధ్య మామూలు అల్లీల్ (జీన్ కాపీ) 210 బేస్‌లు, ఫ్లాక్స్ 290 వచ్చిందనుకోండి. కోత పడిన అల్లీల్‌లో రెండో ప్రైమర్ కూర్చునే చోటే పోతుంది, అప్పుడు ఒకటి-మూడు మధ్య చిన్న ముక్క వస్తుంది. ఎక్స్‌టెన్షన్ 30 సెకన్లే పెడితే కోత పడని పొడుగు ముక్క పెరగదు. జెల్ రెండున్నర శాతం.

ఈ మూడో ప్రైమర్ లేకపోతే ఏమవుతుందో చూడండి. తండ్రి వీర్యకణంలోనో తల్లి అండంలోనో క్రీ కోసేసిందనుకోండి. పుట్టిన పిల్లలో ఒక అల్లీల్ ఫ్లాక్స్, ఇంకోటి ఒళ్లంతా డిలీట్. రెండు ప్రైమర్ల పీసీఆర్‌లో డిలీట్ అల్లీల్ కనపడనే కనపడదు. ఉన్న ఒక్క ఫ్లాక్స్ బ్యాండూ చూసి 'ఫ్లాక్స్/ఫ్లాక్స్' అని రాసేస్తాం. అది మీ కంట్రోల్ బోనులోకి వెళ్లి కూర్చుంటుంది, సగం జీన్‌తో.

పట్టుకునే తీరు సులువు. క్రీ ఉన్న పిల్ల చెవిలో సన్నగా డిలీషన్ బ్యాండ్ వస్తే కంగారు లేదు, చెవిలోనూ కొవ్వు కణాలుంటాయి. క్రీ లేని పిల్లలో ఆ బ్యాండ్ వస్తే అది వారసత్వంగా వచ్చినదే. ఆ పిల్లను ప్రయోగంలోంచి తీసేయండి, దాని తల్లిదండ్రులను జతల్లోంచి తీసేయండి.

క్రీ పీసీఆర్‌లో ఇంకో మామూలు జీన్ ప్రైమర్లు కలిపి పెట్టండి. ఖాళీ లేన్ అంటే క్రీ లేదనా, పీసీఆర్ అవ్వలేదనా? ఒకే గదిలో మూడు నాలుగు రకాల క్రీ లైన్లుంటే సాధారణ క్రీ ప్రైమర్లు వాటిని విడదీయలేవు. ప్రమోటర్‌లో ఒకటి, క్రీలో ఒకటి ఉండే జత వాడాలి.

బోను_47 | మంగళవారం, ఉదయం 8:55

జతల సంగతి నేను చెబుతానమ్మా.

మొదటి తరం: ఫ్లాక్స్/ఫ్లాక్స్‌ని క్రీతో. పుట్టినవాటిలో క్రీ ఉన్న ఫ్లాక్స్/+ (ఒక కాపీ ఫ్లాక్స్, ఒకటి మామూలు) తీసుకుని మళ్లీ ఫ్లాక్స్/ఫ్లాక్స్‌తో. వీటిలో నాలుగో వంతు మీకు కావాల్సిన నాకౌట్ (కొవ్వులో జీన్ పోయినవి). అక్కడి నుంచి ఒక పక్క నాకౌట్, ఇంకో పక్క క్రీ లేని ఫ్లాక్స్/ఫ్లాక్స్. ఇక ప్రతి ఈతలో సగం నాకౌట్, సగం కంట్రోల్, అన్నీ ఒకే తల్లి పాలు తాగినవి. క్రీని ఎప్పుడూ ఒక్క కాపీలోనే ఉంచండి.

లెక్క వేద్దాం. మామూలు తిండి మీద 10, హై ఫ్యాట్ మీద 10, మొత్తం 20 మగ నాకౌట్లు కావాలి. మగ నాకౌట్ అంటే పిల్లల్లో నాలుగో వంతు. 80 పిల్లలు కావాలి. పాలు మాన్పించే నాటికి ఈతకు 6 మిగులుతాయనుకుంటే 14 ఈతలు. కట్టించిన ప్రతి జతా చూడి కట్టదు కాబట్టి 16 నుంచి 18 జతలు ఒకేసారి. విడతల వారీగా కట్టిస్తే వయసులో నెల తేడా వస్తుంది. ఎదిగే ఎలుకల బరువు పోల్చేటప్పుడు రెండు వారాలకు మించి తేడా ఉండకూడదు.

క్రీ మాత్రమే ఉన్న కంట్రోల్ ఈ జతల్లో పుట్టదు. ఫ్లాక్స్/+ క్రీని ఫ్లాక్స్/+ తో కట్టిస్తే అన్ని రకాలూ ఒకే ఈతలో వస్తాయి, కానీ అప్పుడు నాకౌట్ ఎనిమిదో వంతు, మగది పదహారో వంతు. 20కి 320 పిల్లలు. ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. క్రీ మాత్రమే ఉన్న మగవి 8, వాటి తోబుట్టువులు 8 పక్క నుంచి పెంచి, అదే డైట్ మీద బరువు, గ్లూకోజ్ ఒక్కసారి చూపించడం మధ్యేమార్గం.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది: ఫ్లాక్స్ ఎలుక బ్లాక్‌సిక్స్ జాతిలో జే రకం మీద ఉందా, ఎన్ రకం మీద ఉందా? జే ఎలుకల్లో ఎన్‌ఎన్‌టీ జీన్‌లో 7 నుంచి 11 దాకా ఎక్సాన్లు లేవు. వాటికి ఇన్సులిన్ స్రావం తక్కువ, గ్లూకోజ్ తట్టుకోవడం తక్కువ. కన్సార్టియం వాడిన ఈఎస్ కణాలు (పిండ మూలకణాలు) ఎన్ నుంచి వచ్చినవి, వాటిలో ఎన్‌ఎన్‌టీ బాగానే ఉంటుంది. రెండూ కలిస్తే పిల్లల్లో ఎన్‌ఎన్‌టీ ఎటు పడితే అటు పంచుకుపోతుంది. మీరు షుగర్ చూడబోయేది అలాంటి ఎలుకల్లోనే. ఎన్‌ఎన్‌టీకి చిన్న పీసీఆర్ ఉంది, జతలు కట్టించే ఎలుకలన్నిటికీ చేసి ఒకే రకం ఉంచండి.

పర్మిషన్ల వరస: సంస్థ బయోసేఫ్టీ కమిటీ, యానిమల్ ఎథిక్స్ కమిటీ, బయటి దేశం నుంచి జన్యు మార్పిడి ఎలుక వస్తే ఆర్‌సీజీఎమ్ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కమిటీ). దరఖాస్తు బయోసేఫ్టీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. ఇవి నడుస్తుండగానే ఊళ్లో ఎవరి దగ్గరైనా ఆ లైన్ ఉందేమో అడగండి. హబ్సిగూడ, ఉప్పల్, గచ్చిబౌలి, జీనోమ్ వ్యాలీ, నాలుగు చోట్లా ఎలుకలున్నాయి. అలా తెచ్చుకున్నా రెండు సంస్థల ఎథిక్స్ కమిటీ కాగితాలు, హెల్త్ రిపోర్ట్ తప్పవు. బతికున్న ఎలుక బదులు గడ్డకట్టించిన వీర్యం తెప్పిస్తే రోగాల భయం ఉండదు, ఐవీఎఫ్ చేసే చేయి మాత్రం కావాలి.

కొత్త_పిప్పెట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. అడిపోక్యూ-క్రీ నాకౌట్, వృషణాల దగ్గరి కొవ్వు మొత్తం ముక్క నుంచి ఆర్‌ఎన్‌ఏ. జీన్ 45 శాతమే తగ్గింది. క్రీ పని చేయనట్టేనా?

గజ్జల_కొవ్వు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

బహుశా బాగానే పని చేసి ఉంటుంది. కొవ్వు ముక్కలో తొంభై శాతం పైగా చోటు కొవ్వు కణాలదే, కానీ తలలు లెక్కపెడితే అవి సగానికంటే తక్కువ. మిగతా సగం మాక్రోఫేజ్‌లు, రక్తనాళాలు, ముందుకణాలు. మీ జీన్ వాటిలోనూ ఉంటే మొత్తం ముక్కలో ఎప్పటికీ సున్నా రాదు. లావైన ఎలుకలో మాక్రోఫేజ్‌లు పెరిగేకొద్దీ నాకౌట్ ఇంకా తక్కువగా కనపడుతుంది. కణాలు విడదీసి చూడాల్సిందే.

బఫర్: క్రెబ్స్-రింగర్, హెపీస్ కలిపింది, పీహెచ్ 7.4, అందులో 2 శాతం ఫ్యాటీ యాసిడ్ లేని బీఎస్‌ఏ. కణాలను విడదీసే ఎంజైమ్ కొలాజినేజ్ మి.లీ.కి 1 మి.గ్రా., గ్రాము కొవ్వుకి 3 నుంచి 5 మి.లీ. బఫర్‌లో కాల్షియం ఉండాలి, అది లేకపోతే కొలాజినేజ్ కదలదు. ఈడీటీఏ ఉన్న పీబీఎస్‌లో కొవ్వు కడిగి నేరుగా ఎంజైమ్‌లో వేసి, గంటైనా కరగలేదని అడుగుతుంటారు. కరగదు మరి.

ముక్కలు కందిగింజంత, అంతకన్నా చిన్నవి వద్దు. కత్తెర ఎక్కువ ఆడితే కణాలు అక్కడే పగిలి నూనె తేలుతుంది. 37 డిగ్రీలు, నిమిషానికి 100 నుంచి 120 తిప్పులు, 30 నుంచి 45 నిమిషాలు. 25వ నిమిషం నుంచి చూస్తూ ఉండండి. ముక్కలు కరిగి, పచ్చి సగ్గుబియ్యం జావలా చిక్కబడితే ఆపేయాలి. పైన మెరిసే నూనె పొర దళసరిగా కనపడితే ఆలస్యమైనట్టే. కొలాజినేజ్ లాట్ మారినప్పుడల్లా ఈ టైమ్ మళ్లీ తేల్చుకోవాలి.

250 మైక్రాన్ల నైలాన్ వలలో వడగట్టండి. ఆగకుండా పోయాలి, నొక్కకూడదు. గది వేడిలో 5 నిమిషాలు కదపకుండా ఉంచితే కొవ్వు కణాలు పైకి తేలతాయి. పొడుగు సూది సిరంజితో కింది నీళ్లు లాగేయండి, గోరువెచ్చటి బఫర్‌తో మూడుసార్లు కడగండి. ఐస్‌లో పెట్టారో, లోపలి కొవ్వు గట్టిపడి కణం చిట్లుతుంది. గాజు గొట్టాలు వద్దు, ప్లాస్టిక్కే. లాగేసిన నీళ్లు పారబోయకండి, 500 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పితే అడుగున మిగతా కణాలు దొరుకుతాయి.

రెండు భాగాల్లోనూ మీ జీన్‌తో పాటు అడిపోనెక్టిన్, సీడీ45 (తెల్ల రక్తకణాల గుర్తు) కూడా కొలవండి. తేలిన కణాల్లో సీడీ45 కనపడితే కడగడం చాలలేదు. తేలిన వాటిలో మీ జీన్ 85, 90 శాతం పడిపోయి, అడుగు కణాల్లో కదలకపోతే నాకౌట్ రుజువైనట్టు. ఈ ఒక్క బొమ్మ ఉంటే సగం ప్రశ్నలు రావు.

ముక్క కోసేటప్పుడే రెండు తప్పులు జరుగుతాయి. గజ్జల కొవ్వు మధ్యలో పెసరగింజంత లింఫ్ గ్రంథి ఉంటుంది, తీయకపోతే మీరు కొలిచేది లింఫోసైట్లనే. భుజాల మధ్య గోధుమ కొవ్వు మీద తెల్ల కొవ్వు టోపీలా కప్పి ఉంటుంది, సన్న ఫోర్సెప్స్‌తో ఒలిచేయాలి.

మూడో_ప్రైమర్ | మంగళవారం, సాయంత్రం 6:45

దానికి నాదొక తోక. ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావణం ట్రైజాల్‌లో గ్రైండ్ చేశాక క్లోరోఫామ్ వేసే ముందే 12,000 జీ, 4 డిగ్రీలు, 10 నిమిషాలు తిప్పండి. పైన కొవ్వు గడ్డ కడుతుంది. టిప్ దాని పక్క నుంచి దింపి కింది ద్రవం కొత్త ట్యూబ్‌లోకి. ఆ గడ్డ ఏ కాస్త వచ్చినా చివర్లో ఆర్‌ఎన్‌ఏ కరగదు. 1 మి.లీ. ట్రైజాల్‌కి 100 మి.గ్రా. మించొద్దు.

రిఫరెన్స్ జీన్‌గా (పోల్చడానికి, మారకుండా ఉండాల్సినది) జీఏపీడీహెచ్ వద్దు, ఇన్సులిన్‌తో, లావుతో అది కొవ్వులో మారుతుంది. 36బీ4, టీబీపీ మేలు, అవి కూడా మీ డైట్ గ్రూపుల మధ్య కదలట్లేదని చూపించాకే.

ప్రోటీన్ కొలిచే వెస్టర్న్ బ్లాట్‌లోనూ అంతే, యాక్టిన్ బదులు మొత్తం ప్రోటీన్ మరక చూపించండి. ప్రైమరీ యాంటీబాడీ కుందేలుది తీసుకోండి. ఎలుకది అయితే ముక్కలో మిగిలిన రక్తంలోని ఇమ్యునోగ్లోబులిన్లు 25, 50 కిలోడాల్టన్ల దగ్గర మెరిసి, మీ 52 కిలోడాల్టన్ల ప్రోటీన్ నాకౌట్‌లోనూ ఉన్నట్టే చూపిస్తాయి.

కొత్త_పిప్పెట్ | మంగళవారం, సాయంత్రం 7:10

ఈడీటీఏ ముక్క చదివి తల కొట్టుకున్నాను. ధన్యవాదాలు అక్కా.

సందేహాల_సంచి | మంగళవారం, రాత్రి 9:25

ఇంకొకటి. పెద్దయ్యాక తీసేస్తే ఎదుగుదల గొడవ ఉండదు కదా, అడిపోక్యూ-క్రీఈఆర్ (టమాక్సిఫెన్ మందు ఇస్తేనే కోసే క్రీ) తెచ్చి ఆ మందు ఇస్తే?

22_డిగ్రీలు | మంగళవారం, రాత్రి 10:00

కొవ్వు మీద పని చేసేవాళ్లకు టమాక్సిఫెన్ సగం విషం. అదే కొవ్వును తగ్గిస్తుంది, తెల్ల కొవ్వులో యూసీపీ1 పెంచుతుంది. కొవ్వులో కరిగే మందు కాబట్టి అక్కడే దాక్కుని వారాల తరబడి క్రీని నడిపిస్తూనే ఉంటుంది. మీరు 'ఈ రోజు కోశాం' అనుకునే రోజు నిజానికి ఒక రోజు కాదు.

ఉప్పల్_రోడ్ | మంగళవారం, రాత్రి 10:20

సగం విషమంటే ఎట్ల? అందరికీ ఒక్క తీరుగ ఇస్తే అయిపాయె గదా. కిలోకు 75 నుంచి 100 మి.గ్రా., ఐదు రోజులు, మొక్కజొన్న నూనెల మి.లీ.కి 20 మి.గ్రా., చీకట్ల 37 డిగ్రీల మీద రాత్రంత కలిపితే కరుగుతది. కంట్రోల్‌కు గూడ అదే డోసు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి అప్పుడు డైట్ మొదలుపెట్టాలె. లావైనంక ఇస్తెనే పంచాయితీ, కొవ్వు ఎక్కువున్న ఎలుకల మందు ఎక్కువ రోజులుంటది. చూలాలు ఎవరన్న ఉంటే ఆ సిరంజి ముట్టనియ్యొద్దు.

22_డిగ్రీలు | మంగళవారం, రాత్రి 10:41

అందరికీ ఇస్తే మందు ప్రభావం సరిపోతుంది, మందు-జీన్ కలిసి చేసే పని సరిపోదు కదన్నా. మీ జీన్ తెల్ల కొవ్వుకి గోధుమ రంగు తెచ్చే దారిలోదే అయితే ఆరు వారాలు ఆగినా నాకు నమ్మకం లేదు.

డాక్సీసైక్లిన్ దారి ఉంది, ఆ మందు ఇస్తేనే క్రీ తయారవుతుంది: అడిపోనెక్టిన్ ఆర్‌టీటీఏ, టెట్-క్రీ, ఫ్లాక్స్. మూడు అల్లీల్స్ కలపాలి కాబట్టి బోనులు రెట్టింపు. డాక్సీ తిండిలోనే ఇవ్వండి, కిలో తిండికి 200 నుంచి 600 మి.గ్రా. నీళ్లలో ఇస్తే చేదుకి తాగవని 5 శాతం చక్కెర కలుపుతారు. షుగర్ ప్రయోగంలో ఎలుకకు షర్బత్ తాగించినట్టు. డాక్సీకీ మైటోకాండ్రియా మీద ప్రభావం ఉంది, కాబట్టి కంట్రోల్‌కీ అదే తిండి.

మొదటి ప్రయోగానికి మామూలు అడిపోక్యూ-క్రీయే చాలని నా మాట. అక్కడేదైనా కనపడ్డాక ఇండ్యూసిబుల్‌కి (మందుతో ఆన్ చేసే క్రీకి) వెళ్లొచ్చు.

ఉప్పల్_రోడ్ | మంగళవారం, రాత్రి 10:50

చివరి ముక్కకు నేను గూడ సై. మిగతాది ఒప్పుకోను.

22_డిగ్రీలు | బుధవారం, ఉదయం 6:15

గది వేడి సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఎలుకకు హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. మనం ఉంచేది 22లో. అంటే రోజంతా చలికి గోధుమ కొవ్వు కాల్చుకుంటూనే ఉంటుంది. యూసీపీ1 లేని ఎలుకలు 1997లో వచ్చాయి, చలికి తట్టుకోలేవు, కానీ లావెక్కలేదు. 2009లో వాటినే 30 డిగ్రీల దగ్గర పెడితే లావెక్కాయి. ఒంటరిగా ఉంచిన ఎలుక ఇంకా చలిలో ఉన్నట్టు, గూడు కట్టుకోను కాగితం ఇస్తే కాస్త వెచ్చగా ఉన్నట్టు. గాలి ఊదే బోనులో చలి ఎక్కువ. నాకౌట్లు ఒక ర్యాక్, కంట్రోల్స్ ఇంకో ర్యాక్ అనే పని చేయొద్దు, ఒకే బోనులో కలిపి ఉంచండి.

మే నెలలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు, ఏసీ మళ్లీ చల్లబరిచేలోపు గది 29కి ఎక్కి దిగుతుంది. ఆ వారం ఆక్సిజన్ ఖర్చు కొలిస్తే ఆ అంకెలు జీన్‌వి కావు. వంద రూపాయల థర్మామీటర్ కాదు, ప్రతి పది నిమిషాలకు రాసే డేటా లాగర్ బోను ఎత్తులో పెట్టండి.

తిండి: హై ఫ్యాట్ 60 శాతం క్యాలరీల డీ12492 అయితే, దానికి జోడీ డీ12450జే. చక్కెర రెండింట్లో సమానం. మామూలు గోధుమ-సెనగ పెల్లెట్‌తో పోలిస్తే కొవ్వొక్కటే కాదు, పీచు, ప్రోటీన్, అన్నీ మారిపోతాయి. మైనస్ 20లో దాచి, బోనులోది మూడు నాలుగు రోజులకోసారి మార్చండి. మెత్తటి తిండి కాబట్టి పొడి రాలి పొట్టులో కలుస్తుంది, తిన్న లెక్క అందుకే తప్పుతుంది. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 12 నుంచి 16 వారాలు.

గ్లూకోజ్ టెస్టుకి 6 గంటల ఉపవాసం, 20 శాతం గ్లూకోజ్, గ్రాము బరువుకి 10 మైక్రోలీటర్లు, అంటే కిలోకి 2 గ్రాములు. 45 గ్రాముల లావు ఎలుకకు ఇదే లెక్క వేస్తే ఒళ్లంతా కొవ్వే అయినా డోసు మాత్రం దానికి తగ్గట్టు పెరుగుతుంది. లీన్ మాస్ కొలిచే యంత్రం అందుబాటులో ఉంటే దాన్ని బట్టి ఇవ్వండి.

ఇన్సులిన్ టెస్టులో మన దేశానికే ప్రత్యేకమైన గుంట ఒకటుంది. మెడికల్ షాపులో ఇచ్చే సీసా ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది, బయటి ప్రోటోకాల్స్ 100 యూనిట్లు అనుకుని రాసినవి. చూసుకోకుండా కలిపితే కిలోకి 0.75 అనుకున్నది 0.3 అవుతుంది. షుగర్ దిగదు, ఎలుకలన్నీ ఇన్సులిన్ రెసిస్టెంట్ అని తేలుస్తారు. 40 సీసా అయితే ఇలా: 100 మైక్రోలీటర్లు తీసి 900 సెలైన్‌లో, అది 4 యూనిట్లు. దాన్నుంచి 187.5 మైక్రోలీటర్లు తీసి మొత్తం 10 మి.లీ. చేయండి, మి.లీ.కి 0.075. గ్రాముకి 10 మైక్రోలీటర్లు. సెలైన్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ ఉండాలి, లేకపోతే ఇన్సులిన్ ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది. రెగ్యులర్ ఇన్సులినే కొనండి, 30/70 కాదు. పక్కన 20 శాతం గ్లూకోజ్ నింపిన సిరంజి సిద్ధంగా ఉండాలి, షుగర్ 40 దిగువకు పడి వణికితే వెంటనే పొట్టలోకి.

ఆక్సిజన్ ఖర్చును శరీర బరువుతో భాగించి గ్రాఫ్ వేయకండి. లావు ఎలుక ఎప్పుడూ బద్ధకంగానే కనపడుతుంది. బరువును కోవేరియేట్‌గా పెట్టి యాన్‌కోవా చేయండి.

కొత్త_పిప్పెట్ | బుధవారం, ఉదయం 9:30

లావు ఎలుక కావాలంటే తార్నాక ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల డబ్ల్యూఎన్‌ఐఎన్/ఓబీ అనే లావు ఎలుక ఉంది కదా, దాన్ని వాడకూడదా?

బోను_47 | బుధవారం, ఉదయం 10:05

అది రాట్ నాయనా, మౌస్ కాదు. మన భాషలో రెండూ ఎలుకలే కాబట్టి వచ్చిన తికమక. విస్టార్ కాలనీలో తనంతట తాను వచ్చిన మ్యుటేషన్ అది, ఎవరూ జీన్ కోసింది కాదు. స్థూలకాయం అధ్యయనానికి మంచి జంతువు, ఈవిడ ఫ్లాక్స్ మౌస్‌తో మాత్రం జత కట్టదు.

సందేహాల_సంచి | బుధవారం, రాత్రి 9:10

అందరికీ చాలా థాంక్స్. సవరించిన ప్లాన్: ముందు నియో పీసీఆర్, ఎన్‌ఎన్‌టీ పీసీఆర్, రెండో ఎక్సాన్ పొడవు (ఇప్పుడే చూశాను, 137, మూడుతో పోదు). అడిపోక్యూ-క్రీ ఊళ్లో అడుగుతాను, లేకపోతే దరఖాస్తు. 16 జతలు, మూడు ప్రైమర్లు. నాకౌట్, ఫ్లాక్స్ ఒకే బోనులో, క్రీ మాత్రమే ఉన్నవి 8. డైట్ ముందు ఇద్దరు ముగ్గురిలో కణాలు విడదీసి కోత చూస్తాను. తర్వాత ఒకే రోజు గ్లూకోజ్ టెస్ట్, మూడు రోజులు ఆగి ఇన్సులిన్ టెస్ట్.

22_డిగ్రీలు | బుధవారం, రాత్రి 9:32

మూడు రోజులు చాలదు, కనీసం వారం ఉండాలి. ఉపవాసం, తోక కోత, సూది, వీటన్నిటికీ బరువు పడిపోతుంది. అది తిరిగి వచ్చిందని తూచి చూశాకే రెండోది.

గజ్జల_కొవ్వు | బుధవారం, రాత్రి 9:50

ఆ ఇద్దరు ముగ్గురిలో తేలిన కణాలు ఎలుకకు ఎంత వస్తాయో కూడా రాసిపెట్టుకోండి. 8 వారాల సన్న మగ ఎలుకలో వృషణాల దగ్గరి కొవ్వు రెండు వైపులా కలిపినా అర గ్రాము అటూ ఇటూ ఉంటుంది. దాంట్లో ఆర్‌ఎన్‌ఏకీ, వెస్టర్న్‌కీ రెంటికీ సరిపోదు. రెండు ఎలుకలవి కలపాలంటే ఆ సంఖ్య ఎథిక్స్ దరఖాస్తులో ఇప్పుడే చేర్చాలి.

సందేహాల_సంచి | బుధవారం, రాత్రి 9:58

అయ్యో, దరఖాస్తు రేపు పొద్దున్నే పంపాలి. 6 అని మార్చేస్తున్నాను.